తాబేళ్ల పనికి చెయ్యేసినవాళ్లకి సంక్రాంతికి కృతజ్ఞతలు చెప్పడం ఎలా

విశాఖ తీరంలో సముద్ర తాబేళ్ల గుడ్లు కాపాడే చిన్న సంస్థలో మీరు పనిచేస్తుంటే, డిసెంబర్ రాగానే మీటింగులో ఈ మాట వినే ఉంటారు: "పండక్కి మన సపోర్టర్లందరికీ ఏదో ఒకటి పంపాలి కదా." ఆ "ఏదో ఒకటి" దగ్గరే వ్యవహారం చెడుతుంది. గంగిరెద్దు బొమ్మ, రెండు గాలిపటాలు, పక్కన మన లోగో, కింద "మీ సహకారానికి ధన్యవాదాలు" అని ఒక ఇమేజ్ తయారుచేసి వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి పంపేస్తాం, వాళ్లూ దండం బొమ్మ ఒకటి తిరిగి పెడతారు, అక్కడికి అయిపోతుంది. వాళ్లు మనకోసం ఏం చేశారో మనం చెప్పలేదు, అసలు మనకి గుర్తుందో లేదో వాళ్లకి తెలీదు.

తాబేళ్ల పనిలో ఈ లోటు మరీ పెద్దది. చెట్టు నాటినవాళ్లు నాలుగేళ్లు ఆగితే దాని నీడలో కూర్చోవచ్చు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే రకం తాబేలు పిల్ల ఇవాళ జోడుగుళ్లపాలెం ఇసక మీంచి నీళ్లలోకి దిగితే, అది పెద్దదై గుడ్లు పెట్టడానికి మళ్లీ ఒడ్డెక్కేసరికి పదేళ్లు పైనే పడుతుంది, అదీ బతికితే. వెయ్యి పిల్లల్లో ఒకటో రెండో అంతదాకా నిలుస్తాయంటారు. డబ్బిచ్చినవాళ్లయినా, రాత్రిళ్లు మేలుకున్నవాళ్లయినా తమ కష్టం ఏమైందో కళ్లారా చూసుకునే దారి లేదు, మనం వెళ్లి చెబితే తప్ప. కాబట్టి ఆ చెప్పడమేదో శ్రద్ధగా చెయ్యండి. నేను చేసే పద్ధతి కింద రాస్తున్నాను. మీ ఊరికి, మీ మనుషులకి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు ఒక నోటుబుక్కు

ఈ పని డిసెంబర్‌లో మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. సీజన్ నడుస్తున్నప్పుడే, అంటే జనవరి నుంచి పిల్లలు బయటికొచ్చే ఏప్రిల్, మే దాకా, ఎవరు ఏం చేశారో ఏ రోజుకారోజు రాసిపెట్టుకోవాలి. ఫోన్‌లో రాసుకున్నా పర్లేదు గానీ నాకు చేతిరాత బుక్కే నయం, ఇసక చేతులతో అర్ధరాత్రి ఫోన్ తీస్తే ఆ స్క్రీన్ వెలుగు ఒక ఇబ్బంది. ప్రతి పేజీలో మూడే గడులు గీయండి: మనిషి పేరు, చేసిన పని, దాని వల్ల ఏమైంది. "సహకరించారు" అని మాత్రం ఎక్కడా రాయొద్దు, ఆర్నెల్లు పోయాక ఆ మాట చూస్తే మీకే ఏమీ గుర్తు రాదు. నా బుక్కులో ఒక పేజీలో ఇలా ఉంది (హేచరీ అంటే ఏరిన గుడ్లని పొదిగేదాకా ఇసకలో పాతి కాపాడే చోటు): "ఆటో ఆయన. సాగర్‌నగర్ నుంచి హేచరీ దాకా గుడ్ల బకెట్. స్పీడ్ బ్రేకర్ దగ్గర దిగి ఆటో చేత్తో తోశాడు. డబ్బు తీసుకోలేదు."

ఆ చివరి రెండు ముక్కలు రాయకపోతే ఆ మనిషి నాకు "ట్రాన్స్‌పోర్ట్ సపోర్ట్" అని మిగిలిపోయేవాడు. తాబేలు గుడ్డుని పెట్టిన కొద్ది గంటల్లోపే, పైవైపు పైకే ఉండేలా, కదలకుండా చేర్చాలని, ఆలస్యమయ్యాక కుదిపినా, తిరగబడినా లోపలి పిండం చచ్చిపోతుందని మేం ఫారెస్టు వాళ్లతో మాట్లాడుకుంటుంటే విని ఆయన చేసిన పని అది.

2. తేదీ చూసుకోండి

మనకి పండగలు చాలానే ఉన్నా ఈ పనికి సంక్రాంతే సరైనదని నా అభిప్రాయం. మన దగ్గర కృతజ్ఞత చెప్పుకోవడానికే కనుమ అని ఒక రోజు ఉంది, ఏడాదంతా పొలంలో కష్టపడ్డ పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో దండేసి పెట్టే రోజు. పైగా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం మొదలయ్యేదీ అప్పుడే, పాత లెక్క ముగించి కొత్తది తెరిచే సమయం.

అలాగని సరిగ్గా పండగ మూడు రోజుల్లో ఏ కార్యక్రమమూ పెట్టకండి. కనుమనాడు కాకైనా కదలదంటారు, మీ సపోర్టరు ఎందుకు కదులుతారు? సగం మంది స్టీల్‌ప్లాంటు, పోర్టు ఉద్యోగాల వాళ్లు విజయనగరం, శ్రీకాకుళం వైపు సొంతూళ్లకి వెళ్లిపోతారు. ఉత్తరాలు, ఫోన్లు భోగికి వారం ముందే అయిపోవాలి. మనుషుల్ని కలిసే పని ఉంటే ముక్కనుమ దాటాక వచ్చే ఆదివారం పెట్టుకోండి. డిసెంబర్‌లో ఇళ్లకి వెళ్లి కలవాలనుకుంటే మార్గశిర గురువారాలు వదిలేయండి, ఆ రోజు వన్‌టౌన్‌లో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టుపక్కల అడుగు పెట్టే సందు ఉండదు, చాలామంది ఆడవాళ్లు ఇంట్లోనూ పూజలో ఉంటారు. క్రిస్మస్ చేసుకునే కుటుంబాలకి మాత్రం సంక్రాంతి దాకా ఆగకుండా డిసెంబర్ 25కి ముందే చెప్పండి. మనం వాళ్ల పండగ గుర్తుపెట్టుకున్నామని వాళ్లకి తెలియడం బాగుంటుంది.

3. లిస్టు తలకిందులు చెయ్యండి

మామూలుగా లిస్టులో పైన ఎవరుంటారు? పెద్ద చెక్కు ఇచ్చిన కంపెనీ, ఆ తర్వాత అధికారులు, ఆ తర్వాత దాతలు, అట్టడుగున "వాలంటీర్లు, స్థానికులు". ఈ వరస తిప్పి రాయండి. రాత్రి గస్తీ తిరిగినవాళ్లు మొదట, వల తెంపి తాబేల్ని వదిలిన మత్స్యకారులు రెండు, ఒడ్డున లైటు ఆర్పినవాళ్లు మూడు, డబ్బిచ్చినవాళ్లు ఆ తర్వాత.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మాకు తగిలిన దెబ్బ ఉంది. ఒక ఏడాది హాలు తీసుకుని స్టేజీ వేసి, దాతలందరికీ శాలువాలు కప్పాం. ఆ సీజనంతా బీచ్ మీద నిద్ర మానుకున్న మత్స్యకారుడు ఒకాయన వెనక వరసలో కూర్చుని, భోజనం చేసి వెళ్లిపోయాడు. జనవరిలో గస్తీకి రాలేదు, ఫోనెత్తలేదు. నెల పోయాక ఇంటికి వెళ్తే ఆయన భార్య గుమ్మంలోనే చేపల బుట్ట దించుతూ అంది: "ఏటమ్మా మరి, అంతమంది పేర్లు సదివినారు, ఈయన పేరు ఒక్కపాలైనా రానేదు. అంటే ఈయన సేసింది ఏటీ కాదనే గదా?" నాకు మాట రాలేదు. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆయన మళ్లీ రావడానికి ఇంకో నెల పట్టింది, అప్పటికి ఆ ముక్క తీరంలో ఎన్ని గుడ్ల గుంటలు కుక్కలు తవ్వేశాయో మాకు లెక్క లేదు.

వల తెంపిన మత్స్యకారుడి సంగతి కూడా కాస్త ఆలోచించండి. వలలో చిక్కిన తాబేల్ని బతికుండగా వదలాలంటే చాలాసార్లు వల కోయాల్సి వస్తుంది, కోస్తే బాగుచేసుకునే ఖర్చు, ఆ పూట వేట పోవడం రెండూ ఆయన నెత్తినే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, ఆ 61 రోజులు సంపాదన ఉండదు కాబట్టి దానికి ముందు నెలల్లో ప్రతి రోజూ వాళ్లకి లెక్కే. అలాంటి రోజుల్లో ఒక వల పోగొట్టుకున్న మనిషి ఇచ్చింది ఏ చెక్కుకీ తక్కువ కాదు.

లైటు ఆర్పినవాళ్లని చాలా సంస్థలు పూర్తిగా మర్చిపోతాయి. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు వెలుగు ఎటు ఎక్కువుంటే అటే పోతాయి, చీకటి తీరంలో అది సముద్రం వైపు, బల్బులున్న తీరంలో అది రోడ్డు వైపు. బీచ్‌రోడ్డులో మురీ మిక్చర్ బండి ఆయన మేం చెప్పిన రాత్రుల్లో తన బల్బుని సముద్రం వైపు అట్ట అడ్డుపెట్టి కప్పేవాడు. ఆయన్ని లిస్టులో రాసుకోండి.

4. ఉత్తరం రాయడం

ఈ మెట్టు మీద ఎక్కువ టైం పెట్టండి. ఎవరికీ ఐదు వాక్యాలు మించక్కర్లేదు గానీ ఆ ఐదూ ఆ ఒక్క మనిషికే సరిపోవాలి, పేరు మార్చి ఇంకొకరికి పంపగలిగేలా ఉంటే చింపేసి మళ్లీ రాయండి. నేను వాడే వరస ఇది: వాళ్లు చేసిన పని, ఆ రోజు, ఆ చోటు, దానివల్ల ఏమైంది, ఆ పని నాకెందుకు గుర్తుండిపోయింది, పండగ మాట, సంతకం, పెన్నుతో.

ఆటో ఆయనకి నేను రాసింది దాదాపు ఇలా ఉంటుంది: "తమ్ముడూ, మార్చి నెలలో ఆ తెల్లవారుజామున నువ్వు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో దిగి తోసినప్పుడు నా ఒళ్లో బకెట్‌లో 112 గుడ్లున్నాయి. ఒక్కటీ కదల్లేదు. 51 రోజులకి వాటిలో 87 పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి వెళ్లాయి. ఆ రోజు నువ్వు కిరాయి వద్దన్నావు, నాకు ఏం చెప్పాలో తోచలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నీకు, మీ ఇంట్లో వాళ్లందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు."

అంకెలు మీ రిజిస్టర్‌లోవే వాడండి, గుండ్రంగా చెయ్యకండి, పెంచకండి. ఒక్కో గూటిలో సుమారు వంద, ఆ పైన గుడ్లుంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి కాబట్టి మీరు అంకె పెంచి రాస్తే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. పాడైన గూళ్ల గురించీ రాయండి. ఒడ్డుకి చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ల గురించీ రాయండి. పండగపూట చావు కబురేమిటని మా కమిటీలో ఒకరు అడ్డుపడ్డారు గానీ, పొద్దున్నే బీచ్‌లో నడిచే దాతలు ఆ కళేబరాల్ని చూస్తూనే ఉంటారు, మనం దాచితే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. "ఈ ఏడు మన ముక్కలో ఇన్ని చనిపోయి కనిపించాయి, ఫారెస్టు వాళ్లకి రిపోర్టు చేశాం" అని ఒక్క వాక్యం, అంతే.

చదువు రానివాళ్లకి ఉత్తరం పంపి, పక్కింటి పిల్లాడి చేత చదివించుకోమని వదిలేయడం మర్యాద కాదు. ఇంటికి వెళ్లండి. వెళ్లలేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, నిమిషం లోపు, మీ గొంతుతో, వాళ్లని మీరు మామూలుగా పిలిచే వరసతోనే. రోజూ "మామా" అని పిలిచే మనిషిని ఉత్తరంలో "గౌరవనీయులైన" అంటే ఆయనకి ఎవరో పరాయివాళ్లు రాసినట్టుంటుంది. నేవీ కుటుంబాల వాలంటీర్లు చాలామందికి తెలుగు చదవడం రాదు, వాళ్లకి హిందీలోనో ఇంగ్లీషులోనో రాయండి, చివర సంక్రాంతి మాట మాత్రం తెలుగులో పెట్టండి, బదిలీ అయిపోయినవాళ్లకి అది మరీ ఇష్టంగా ఉంటుంది.

రోజుకి పది ఉత్తరాలు మించి రాయకండి. పదకొండోది అరువు మాటలతో వస్తుంది.

5. అధికారులు, కంపెనీలు

ఫారెస్టు గార్డుకి, బీట్ ఆఫీసర్‌కి కానుకలు ఇవ్వొద్దు. ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలున్నాయి, మనం ప్రేమతో ఇచ్చింది వాళ్ల మెడకి చుట్టుకోవచ్చు. వాళ్లకి నిజంగా పనికొచ్చేది ఒకటుంది: వాళ్లు చేసిన పని వివరంగా రాసి, ఆ ఉత్తరం కాపీ వాళ్ల పై అధికారులైన రేంజర్‌కి, డీఎఫ్‌ఓకి పంపడం. అర్ధరాత్రి ఫోన్ చేస్తే బండేసుకొచ్చిన గార్డు గురించి పై ఆఫీసుకి సాధారణంగా ఎవరూ చెప్పరు, మనం చెప్పొచ్చు. ఇది ఖర్చు లేని పని, ప్రభావం మాత్రం చాలా ఉంటుంది. జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) లైట్లు చూసే సిబ్బందికీ, తెల్లారకముందే బీచ్ ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకీ ఇదే పద్ధతి.

కంపెనీల విషయంలో, చట్టప్రకారం కొంత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి పెట్టాలి కాబట్టి డబ్బు ఎక్కడో అక్కడ ఖర్చయ్యేదే. అది మన తీరానికి రావడానికి లోపల ఎవరో ఒక ఉద్యోగి ఫైలు పట్టుకుని తిరిగి ఉంటారు. కంపెనీ పేరుకి ఒక ఉత్తరం, ఆ ఉద్యోగికి విడిగా ఒకటి రాయండి.

రసీదుల్ని దీంట్లో కలపకండి. విరాళానికి పన్ను మినహాయింపు కోసం ఇచ్చే 80జి కాగితం లెక్కల పని, దాన్ని పండగ కవర్లో పెడితే ఉత్తరం పక్కకి పోయి కాగితమే ఫైల్లోకి వెళ్తుంది. నగదుగా రెండు వేలు దాటి ఇచ్చినదానికి ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే రాదు, ఈ సంగతులు విరాళం తీసుకునే రోజే చెప్పాలి, పండగకి కాదు.

6. ఏదైనా ఇవ్వాలనుకుంటే

ఇవ్వకపోయినా తప్పు లేదు. ఇస్తే మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టిన షీల్డు, ఫ్లెక్సీ, మెరుపు కాగితం వద్దు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటి మీద నిషేధం ఉంది, అది పక్కన పెట్టినా, తాబేలు కడుపులో ప్లాస్టిక్ గురించి స్కూళ్లలో పాఠాలు చెప్పే మనం అది పంచితే పిల్లలు కూడా అడుగుతారు.

మనకి చుట్టూ మంచి వస్తువులున్నాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలు, అంకుడు కర్రతో, మొక్కల నుంచి తీసిన రంగులతో చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిన్న బొంగరమో కుంకుమ భరిణో చాలు. నెల రోజుల ముందే చెప్పండి, పండగ ముందు వాళ్లకీ ఆర్డర్ల ఒత్తిడి ఉంటుంది, బేరం ఆడకండి. తినేవి అయితే అనకాపల్లి బెల్లంతో అరిసెలు, పోకుండలు మత్స్యకార గ్రామంలోని డ్వాక్రా ఆడవాళ్ల చేత చేయించి, పూర్తి ధర ఇచ్చి, తాటాకు బుట్టల్లో పెట్టి పంచుతాం. బుట్టకి కట్టిన చిన్న చీటీలో చేసినవాళ్ల పేర్లు రాస్తాం. దాతల్లో ఒకావిడ ఆ చీటీ చూసి, చేసిన ఆమెకి ఫోన్ చేసి పాకం ఎంతసేపు పట్టాలో కనుక్కుంది. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

7. కలిసి కూర్చోవడం

బీచ్‌లో సాయంత్రం సభ పెట్టొద్దు. మైకు, ఫోకస్ లైట్లు, భోగి మంట, ఆకాశ దీపాలు, ఇవన్నీ గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లి తాబేల్ని వెనక్కి తిప్పి పంపేవే. పొద్దున పెట్టండి, వలలు బాగుచేసుకునే షెడ్డులోనో గ్రామంలోని రామకోవెల అరుగు మీదో. టైం మీరు నిర్ణయించకండి, ముందు ఊరి పెద్దల దగ్గరికి వెళ్లి అడగండి. బోట్లు వచ్చి, చేప అమ్ముడై, ఆడవాళ్లు బజారు నుంచి తిరిగొచ్చే వేళ వాళ్లకే తెలుసు. పదిన్నర అని మనం కార్డు కొట్టించేస్తే కుర్చీల్లో మనమే కూర్చుంటాం.

స్టేజీ వద్దు, కిందే గుండ్రంగా కూర్చోండి. నోటుబుక్కు తెరిచి పేరూ పనీ చదవండి, ఒక్కొక్కరికి అర నిమిషం. దాతలు అక్కడే ఉండి వినాలి, వాళ్లకి ఇంతకంటే మంచి రిపోర్టు ఏదీ లేదు. చదివేటప్పుడు పేర్లు తప్పు పలకొద్దు, ముందురోజే ఎవరినైనా అడిగి సరిచూసుకోండి. తర్వాత ఎవరైనా మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి. మా దగ్గర కిందటిసారి ఒక పెద్దాయన లేచి, తన చిన్నప్పుడు ఒడ్డున తాబేలు గుడ్లు బుట్టలకెత్తి తెచ్చుకునేవాళ్లమని, ఇప్పుడు తన మనవడు కాపలా కాస్తున్నాడని చెప్పి కూర్చున్నాడు. ఆ తర్వాత నేను రాసుకున్న ముగింపు మాటలు చదవలేదు.

8. ఫొటోలు

పిల్ల తాబేల్ని చేతిలో పెట్టుకుని దాత నవ్వుతున్న ఫొటో పంపొద్దు, తియ్యొద్దు కూడా. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అనుమతి లేకుండా పట్టుకోవడం నేరం అవుతుంది, ఇక ఫ్లాష్ వెలుగు పిల్లల్ని దారి తప్పిస్తుంది. ఇసక మీద తల్లి తాబేలు పాకిన జాడ ఫొటో ఒకటి, తెల్లవారి వెలుగులో తీసింది, అందరికీ చాలా నచ్చుతుంది. గూడున్న చోటు గుర్తుపట్టేలా మాత్రం ఉండకూడదు.

9. డబ్బు అడగొద్దు

ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. ఉత్తరం అడుగున క్యూఆర్ కోడ్, "ఈ ఏడాది కూడా మీ ఆదరణ", "మా తదుపరి లక్ష్యం" లాంటివి ఏవీ ఉండకూడదు. అలాంటిది ఒక్క ముక్క ఉన్నా పైన రాసిన నాలుగు వాక్యాలూ దానికోసమే రాసినట్టు కనిపిస్తాయి. చందా అడగడం తప్పేమీ కాదు, మనం అడగాలి, అడుగుతాం, దానికి ఇంకో నెల, ఇంకో ఉత్తరం పెట్టుకోండి. మా కోశాధికారికి దీనిమీద ఏటా టెన్షనే, పండగ బోనస్ చేతిలో ఉన్నప్పుడే అడగాలి కదా అంటారు. నేను ఒప్పుకోను.

పండగ అయ్యాక ఆ నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, కిందటేడాది లిస్టులో ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు ముందు పేజీలోనే రాసిపెట్టుకోండి. సీజన్‌లో మొదటి గూడు దొరికిన రోజు, ఫారెస్టు వాళ్లకి చెప్పి, గుడ్లు హేచరీలో పెట్టి, చేతులు కడుక్కున్నాక, వాళ్లందరికీ ఒకే లైను మెసేజ్ పెట్టండి: "రాత్రి రెండున్నరకి మొదటి తల్లి వచ్చింది." ఎక్కడో చెప్పక్కర్లేదు, ఎన్ని గుడ్లో మాత్రం రాయండి.